గడువు లేని చెఱ - గడువు గల పీఠము

1977 మార్చి మాసమున లోకసభ యెన్నికలు జరిగినపుడు ఆంధ్రప్రదేశమందలి 42 స్థానములలో 41 స్థానములు కాంగ్రెసునకు దక్కినవి. దక్కనిది నంద్యాల యొక్కటియే. కుందూనది కిరువైపుల నున్న నల్లరేగడి గ్రామములును, నల్లమల యంచున నున్న ఆళ్లగడ్డ భాగమును గలిసిన యా నియోజకవర్గము జనతా పక్షమువారగు శ్రీ నీలం సంజీవరెడ్డిగారిని గెలిపించి ఢిల్లీకి బంపెను. నాలుగు మాసములు గడచునంతలో వారు భారత రాష్ట్రపతి యైరి. దేశమందలి యత్యున్నత పీఠమునకు మెట్టుగా నిలిచిన గౌరవము నంద్యాల ఆళ్లగడ్డల వోటర్లది. ఈ సంగతి యా ప్రాంతమున వృద్ధు లింకను చెప్పుకొనుచునే యున్నారు.

మేమిపుడు వారి జీవితమును స్మరించుట కేవల స్తోత్రమునకు గాదు. రాజ్యాధిపతి పేరిట జరుగు పనులలో రెండు చిత్రమైనవి కలవు. విచారణ లేక మనుష్యుని చెఱయందుంచుట యొకటి. పదవి నొసగి, అది యెంతకాల ముండునో స్థిరముగా చెప్పకుండుట రెండవది. రెంటికిని మూలము ఒకటే. గడువును నిర్ణయించునది శాసనము కాదు, ఒకరి యిష్టము. ఈ యిష్టమును సంజీవరెడ్డిగారు అన్ని వైపులనుండియు చూచిరి. దానిచే చెఱలో మ్రగ్గిరి. మంత్రియై దానిని చేతబట్టిరి. న్యాయస్థానము దానిని తప్పుపట్టగా పదవి విడిచిరి. తుదకు ఎవరి పేరిట ఆ యిష్టము చెల్లునో ఆ పీఠమునందే కూర్చుండిరి. ఇట్టి యనుభవము గలవారు మన రాష్ట్రపతులలో మిక్కిలి యరుదు. కావుననే వారి జీవితము నుండి నేర్వదగిన పాఠము కలదు.

వారు అనంతపురము జిల్లా ఇల్లూరు గ్రామమున 1913 మే 19వ తేదీన జన్మించిరి. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజమువారి పాఠశాలలో చదివి, అనంతపురము కళాశాలలో చేరిరి. 1929లో మహాత్ముడు అనంతపురమునకు వచ్చినపుడు ఆ యువకుని మనస్సు తిరిగెను. 1931లో చదువు విడిచి ఉద్యమమున బ్రవేశించిరి. 1938లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు కార్యదర్శియై పదేండ్లు ఆ భారమును మోసిరి. 1940 మొదలు 1945 వరకు వారి కాలములో అధికభాగము చెఱసాలలోనే గడచినది. 1942 మార్చిలో విడుదలయైరి. ఆగస్టులో మరల బట్టువడిరి. ఈసారి వారిని అమరావతికి గొనిపోయిరి. అది మన కృష్ణాతీరపు టమరావతి కాదు. మధ్యపరగణాల బీరారులోని దూరపు టమరావతి. అచ్చట ప్రకాశము పంతులుగారు, సత్యమూర్తిగారు, కామరాజు నాడారుగారు, గిరిగారు వారికి చెఱ సహవాసులు.

ఆ చెఱ యెట్టిదో నేటి యువకులు తెలిసికొనవలెను. దొంగకు శిక్ష విధించిన యెడల ఆఱు మాసములో ఆఱేండ్లో అని న్యాయాధిపతి చెప్పును. దొంగ దినములు లెక్కించుకొనును. ఇంటివారు పంచాంగము చూచుకొందురు. ఇండియా రక్షణ నిబంధనలలో 26వ దాని క్రింద నిర్బంధింపబడినవానికి ఆ భాగ్యము లేదు. నేరారోపణ పత్రము లేదు, సాక్షి లేడు, వాదించు ప్లీడరు లేడు, విడుదల తేదీ లేదు. ఉత్తరువు నిచ్చినవారికి తృప్తి కలిగినంతకాలము లోపలనే యుండవలెను. సత్యమూర్తిగారి యారోగ్యము ఆ నిర్బంధముననే చెడి 1943లో వారు కన్నుమూసిరి. ఆ సంవత్సరము ఏప్రిలులో ఫెడరలు కోర్టు తల్పాడే వ్యాజ్యమున ఆ 26వ నిబంధన చెల్లదని తీర్పు చెప్పినది. అయినను చెఱసాలల తలుపులు తెఱచుకొనలేదు. వారము దాటకమునుపే వైసురాయి ఆర్డినెన్సు జారీచేసి పాత నిర్బంధములకు ప్రాణము పోసెను. కోర్టు కొట్టివేసిన దానిని ఒక్క సంతకము నిలువబెట్టినది. అమరావతిలో నున్నవారు దీనిని గ్రంథములలో చదివి తెలిసికొనలేదు. తమ శరీరములతో తెలిసికొనిరి.

ఇంతటి యనుభవము గలవారు స్వరాజ్యము రాగానే ఈ యాయుధమును సముద్రమున బారవేయుదురని మనము తలంచియుందుము. చరిత్ర వేఱుగా నడచినది. అమరావతి చెఱనుండి వచ్చిన ప్రకాశము పంతులుగారే మద్రాసు ప్రధానమంత్రియై యుండగా, 1947 జనవరిలో విచారణ లేని నిర్బంధమున కవకాశ మొసగు ఆర్డినెన్సు వెలువడినది. మన జిల్లాలలో కమ్యూనిస్టులు పెక్కుమంది దాని వాతబడిరి. ఆంధ్రులు దానిని ప్రకాశము ఆర్డినెన్సనియే పిలిచిరి. సంజీవరెడ్డిగారు 1946లో మద్రాసు శాసనసభకు, పిదప రాజ్యాంగ సభకు సభ్యులైరి. ఆ రాజ్యాంగ సభయే ప్రాథమిక హక్కుల యధ్యాయములో, స్వేచ్ఛకు ప్రక్కనే, నివారక నిర్బంధమునకు 22వ యధికరణమున చోటిచ్చినది. శాంతికాలమున సైతము ఇట్టి నిర్బంధమును రాజ్యాంగమునందే లిఖించుకొన్న ప్రజాస్వామ్యములు లోకమున బహు స్వల్పము. 1949 మొదలు 1951 వరకు వారు మద్రాసు ప్రభుత్వమున మంత్రిగా నుండిరి. ఆ ప్రభుత్వము నిర్బంధించిన ఏ. కె. గోపాలన్ గారి వ్యాజ్యముననే సుప్రీముకోర్టు 1950 మే మాసమున తీర్పు చెప్పుచు, నిర్బంధశాసనము మొత్తము మీద చెల్లునని నిలిపినది.

ఈ సంగతులను మేము ఒక్కరిపై నిందగా చెప్పుటలేదు. కొత్త రాజ్యమునకు నాడు నిజముగనే భయములుండెను. దేశవిభజన రక్తము ఆఱలేదు; తెలంగాణమున తుపాకులు మ్రోగుచుండెను. అయినను ఒక సత్యమును గుర్తించక తప్పదు. మితిలేని యధికారము చేతులు మారినంతమాత్రమున మితిని పొందదు. పరులచేతి కత్తి మనచేతికి వచ్చినపుడు దాని పదును మాత్రము మారదు.

1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి యైరి. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమునకు ప్రథమ ముఖ్యమంత్రి యైరి. 1960లో అఖిలభారత కాంగ్రెసునకు అధ్యక్షులై, 1962లో మరల ముఖ్యమంత్రి పదవికి వచ్చిరి. ఈ రెండవ పర్యాయముననే కర్నూలు జిల్లా వారి జీవితమున ముఖ్యస్థాన మాక్రమించినది. నంద్యాల, ఆళ్లగడ్డ నాడు ఆ జిల్లాలోనివే. ప్రైవేటు బస్సుల మార్గములను రోడ్డు రవాణా సంస్థకు అప్పగించుటకు ప్రభుత్వము తలపెట్టినపుడు, జిల్లా పశ్చిమభాగపు మార్గములను ముందుగా నెన్నుకొన్నారు. అచ్చటి బస్సు యజమానులు ముఖ్యమంత్రిగారి రాజకీయ ప్రతిపక్షులు గనుకనే ఇట్లు జరిగినదని యజమానులు ప్రమాణపత్రములు దాఖలు చేసిరి. వ్యాజ్యము సుప్రీముకోర్టు వరకు పోయెను. ఆ యారోపణను ఖండించుచు ముఖ్యమంత్రిగారి ప్రమాణపత్రము రాలేదు. ఖండనలేని యారోపణను కోర్టు త్రోసివేయజాలక, ఆ పథకమును కొట్టివేసినది.

ఇది 1964 ఆరంభమున జరిగినది. తీర్పు వారిని పదవినుండి దిగుమనలేదు. శాసనసభలో వారికి బలము తగ్గలేదు. అయినను ఆ ఫిబ్రవరిలో వారు రాజీనామా నిచ్చిరి. మేము వారి జీవితమున గొప్పదని యెంచునది ఈ ఘట్టమును. బస్సు మార్గము చిన్న విషయముగా తోచవచ్చును. దానియందలి సూత్రము చిన్నది కాదు. శాసనము అధికారికి ఇచ్చు విచక్షణ అతని సొంత సొత్తు కాదు. కారణము అడిగినపుడు చెప్పవలసిన యప్పు. కారణము చెప్పజాలనపుడు పీఠము విడుచుట ఆ యప్పును తీర్చుకొను మార్గము. బస్సు పర్మిటు పోయినవాడు కోర్టునకు పోయి కారణము నడుగగలిగెను. చెఱలో నున్నవానికి అంతటి ధైర్యముతో కారణము నడుగు దారి మన శాసనములు ఏనాడును పూర్తిగా తెఱువలేదు.

1967లో వారు లోకసభ అధ్యక్షులైరి. 1969లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెసు పక్షమున నిలువగా, ఆ పక్షపు ప్రధానమంత్రియే మనస్సాక్షి ననుసరించి వోటు చేయుమని సభ్యులకు చెప్పినందున, అమరావతి చెఱ సహవాసి గిరిగారి చేతిలో నోడిపోయిరి. అంతట ఇల్లూరు చేరి వ్యవసాయము చూచుకొనుచుండిరి. 1975లో జయప్రకాశ నారాయణగారి పిలుపుతో మరల ప్రజాజీవితమునకు వచ్చిరి. ఆ జూన్ 25వ తేదీ రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినది. మంత్రివర్గము సమావేశము కాకమునుపే ప్రధానమంత్రి సలహాపై రాష్ట్రపతి సంతకము చేసిరి. దేశమున లక్షకు పైగా జనము విచారణ లేకయో, రక్షణ నిబంధనల క్రిందనో నిర్బంధింపబడిరి. ఆంతరంగిక భద్రతా శాసనము క్రింద పట్టువడినవానికి నిర్బంధకారణము చెప్పనక్కఱలేదని శాసనమును సవరించిరి. 1976 ఏప్రిలు 28న సుప్రీముకోర్టు, అట్టివాడు హెబియసు కార్పసు కోరి కోర్టుకు రాజాలడని నలుగురు న్యాయమూర్తుల మాటగా తీర్పు చెప్పినది. ఖన్నాగారొక్కరు మాత్రము కాదనిరి. 1943 నాటి తలుపే మరల మూసికొన్నది. ఈసారి లోపలివారును, తాళముచెవి గలవారును భారతీయులే.

ఆ చీకటి తరువాత వచ్చినవి 1977 ఎన్నికలు. రాయలసీమలోని ఒక నియోజకవర్గము రాష్ట్రమంతయు నొకవైపు పోవుచుండ తానొకటి వేఱుగా పోయెను. సంజీవరెడ్డిగారు మార్చి 26న మరల లోకసభ అధ్యక్షులై, జులైలో పోటీ లేకుండ రాష్ట్రపతిగా నెన్నుకొనబడి, 25వ తేదీన ప్రమాణము చేసిరి. అమరావతి నిర్బంధితుడు రాజ్యాధిపతి యైనాడు.

వారి కాలముననే 44వ రాజ్యాంగ సవరణము వచ్చినది. 1979 ఏప్రిలు 30న వారు దానికి ఆమోదము నొసగిరి. మంత్రివర్గము వ్రాతపూర్వకముగా సలహా నిచ్చిననే తప్ప అత్యవసర పరిస్థితిని ప్రకటింపరాదు. ఎట్టి పరిస్థితియందును జీవించు హక్కును కోర్టుల కందకుండ చేయరాదు. ఇవి ఆ సవరణ ఫలములు. దానియందే మఱియొక నియమము గలదు. సలహాసంఘము పరిశీలింపకుండ మనుష్యుని నిర్బంధించు కాలమును మూడు మాసముల నుండి రెండు మాసములకు తగ్గింపవలెను. ఆ సంఘమునకు హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షుడుగా నుండవలెను. ఆ సంఘమును దాటిపోవు శాసనమును పార్లమెంటు చేయరాదు. మంచి నియమము. అయితే ఇది యే దినము నుండి చెల్లునో ప్రకటించు పని ప్రభుత్వమునకు విడువబడినది. మిగిలిన భాగములలో ముఖ్యమైనవి ఆ సంవత్సరముననే యమలులోనికి వచ్చినవి. ఈ నిర్బంధభాగము నేటికిని రాలేదు. పార్లమెంటు చేసినది, రాష్ట్రపతి యామోదించినది, అయినను నాలుగు దశాబ్దములు దాటి అది కాగితముపైననే నిద్రించుచున్నది. 1981 డిసెంబరులో ఏ. కె. రాయిగారి వ్యాజ్యమున, దానిని ప్రకటింపుమని ప్రభుత్వమును ఆజ్ఞాపింపజాలమని సుప్రీముకోర్టు చెప్పినది. నిర్బంధమునకు గడువు పెట్టు శాసనమునకే గడువు లేకపోయినది!

ఇక రెండవ విషయము, పదవుల సంగతి. 1979 జులైలో మొరార్జీ దేశాయిగారు రాజీనామా నీయగా, రాష్ట్రపతిగారు చరణసింగుగారిని ప్రధానమంత్రిగా నియమించిరి. చరణసింగుగారు లోకసభ విశ్వాసమును పరీక్షకు పెట్టకయే ఆగస్టు 20న రాజీనామా నిచ్చి, సభను రద్దుచేయుడని సలహా చెప్పిరి. జగజీవనరాముగారు తమకు బలము కలదని చెప్పుచుండగనే, 22వ తేదీన రాష్ట్రపతిగారు సభను రద్దుచేసిరి. దీనిపై నాడు చెలరేగిన వాదము పెద్దది. వారు స్వతంత్రముగా నిర్ణయించిరని కొందఱు మెచ్చిరి. దళితనాయకుని త్రోవ మూసిరని కొందఱు నొచ్చిరి. మా మట్టుకు తోచునది ఇది. అట్టి నిర్ణయము సభలో లెక్కతో తేలవలసినది. ఒక గదిలో ఒకరి వివేచనతో తేలినందుననే నేటికిని తేలలేదు. నిర్ణయించినవారు సజ్జనులైనను, లెక్క చూపని నిర్ణయము సందేహమును మిగుల్చును.

1980 జనవరిలో ఇందిరాగాంధిగారు మరల నధికారమునకు వచ్చిరి. ఆ సెప్టెంబరులో జాతీయ భద్రతా ఆర్డినెన్సు, డిసెంబరులో శాసనము వెలువడినవి. ఒక యుత్తరువుపై పన్నెండు మాసముల వరకు నిర్బంధింప వీలిచ్చు ఆ శాసనము క్రిందను సంతకము సంజీవరెడ్డిగారిదే. ఆ అక్టోబరులో తమిళనాడు గవర్నరు ప్రభుదాసు పట్వారిగారు పదవినుండి తొలగింపబడిరి. 1981 ఆగస్టులో రాజస్థాను గవర్నరు రఘుకుల తిలకుగారి గతియు నిదియే. ఈ యుత్తరువులన్నియు రాష్ట్రపతి పేరిటనే.

ఇచ్చట పాఠకులు రాజ్యాంగమును కొంచెము నిదానించి చూడవలెను. గవర్నరునకు ఐదేండ్లని 156వ యధికరణము చెప్పును. అయితే అంతకుముందే, రాష్ట్రపతి యిష్టమున్నంతవరకే యని చెప్పును. మంత్రులకును అట్లే రాష్ట్రపతి యిష్టమే గడువు. ఆ రాష్ట్రపతికి మాత్రము ఐదేండ్ల స్థిరమైన గడువు కలదు. పార్లమెంటు మహాభియోగము నడిపిననే గాని ఎవరును దింపజాలరు. ఎవరి యిష్టముపై ఇతరులు నిలిచి పడుచున్నారో వారి పీఠము ఒకరి యిష్టముపై లేదు. అయినను ఆ యిష్టము వారి సొంతము కాదు. 1976 నాటి 42వ సవరణము మంత్రివర్గపు సలహాకు రాష్ట్రపతిని స్పష్టముగా కట్టివేసినది. 44వ సవరణము, సలహాను ఒక్కసారి పునరాలోచనకు త్రిప్పి పంపు వీలును మాత్రమే యిచ్చినది. కావున రాజ్యాధిపతి యిష్టమనునది పేరునకు ఒకరిది, నిజమునకు మఱియొకరిది. ముద్ర వేసినవారు ఆజ్ఞ మాది కాదందురు. ఆజ్ఞ చేసినవారు ముద్ర మాది కాదందురు. చెఱలోనివాడు, పదవి పోయినవాడు ఎవరిని కారణ మడుగవలెను?

ఈ ప్రశ్న నంద్యాల గడపకే మరల వచ్చినది. సంజీవరెడ్డిగారికి ముందును వెనుకను నంద్యాలకు లోకసభ సభ్యులుగా నున్న పెండేకంటి వెంకటసుబ్బయ్యగారు పిదప బీహారునకు, కర్ణాటకమునకు గవర్నరు లైరి. 1989లో వారి నివేదికపైననే కర్ణాటకమున బొమ్మైగారి మంత్రివర్గము తొలగింపబడినది. బలము తేల్చుకొనుటకు బొమ్మైగారు సభను కోరినను అవకాశము దొరకలేదు. 1994లో సుప్రీముకోర్టు ఆ తొలగింపు తప్పని చెప్పి, బలము తేలవలసినది సభాస్థలముననే యని నిర్ధారించినది. ఇంతలో 1989 డిసెంబరులో కేంద్రప్రభుత్వము మారి, గవర్నర్లందఱును రాజీనామా లీయవలెనని కోరగా, వెంకటసుబ్బయ్యగారి గవర్నరు పదవియు 1990లో ముగిసినది. 2010లో బి. పి. సింఘాల్ గారి వ్యాజ్యమున కోర్టు మఱియొక మెట్టెక్కి, ఇష్టమనగా కారణము లేని స్వేచ్ఛ కాదనియు, కేంద్రమున పక్షము మారినంత మాత్రమున గవర్నరును తొలగింపరాదనియు చెప్పినది. 1964లో బస్సు వ్యాజ్యమున వినబడిన న్యాయమే గవర్నరు బంగళాకు చేరుటకు నలువదియాఱు సంవత్సరములు పట్టెను.

సంజీవరెడ్డిగారు 1982 జులై 25న తమ గడువు తీరిన దినముననే పీఠమును విడిచి స్వస్థలము చేరిరి. 1996 జూన్ 1న బెంగుళూరున స్వర్గస్థులైరి. వారి దోషములను దాచుట వారికి గౌరవము కాదు. వారి గుణములను మఱచుట మనకు గౌరవము కాదు. వారు క్రూరులు కారు, ధనలోలురు కారు. చెఱ బాధ యెఱిగినవారు. అట్టివారి సంతకము క్రిందనే గడువును తగ్గించు సవరణమును వెలువడినది, నిర్బంధశాసనమును వెలువడినది. మొదటిది నిద్రించుచున్నది, రెండవది నేటికిని చెల్లుచున్నది. దీనినిబట్టి మనము గ్రహింపవలసిన దేమి? పీఠముపై మంచివారిని కూర్చుండబెట్టినచో చాలునను నమ్మకము చాలదు. మంచివారి చేతిలోని మితిలేని యధికారము తరువాతివారికి వారసత్వముగా పోవును. మనుష్యుని సౌజన్యము అతనితో పోవును. శాసనములోని గడువు మిగులును.

కావున మేము కోరునది రెండు మాటలు. 44వ సవరణమందలి నిర్బంధభాగమును ప్రభుత్వము వెంటనే యమలులోనికి దేవలెను. ఇందులకు కొత్త శాసన మక్కఱలేదు, గెజెటులో నొక్క ప్రకటన చాలును. రాష్ట్రపతి పేరిట ఎవరిని చెఱనుంచినను, ఎవరిని పదవినుండి దింపినను, కారణమును వ్రాసి యుంచి కోర్టు అడిగినపుడు చూపవలెను.

ఆళ్లగడ్డ శిల్పులు రాతిపై ఉలి పెట్టకమునుపే గీత గీసికొందురు. ఆ గీత దాటినచో విగ్రహము చెడునని వారికి తెలియును. నంద్యాల, ఆళ్లగడ్డల ప్రజలు 1977లో తాము పంపిన పెద్దను తలచుకొనునపుడు, ఇప్పుడు వోటడుగ వచ్చువారిని ఈ ఒక్క ప్రశ్న యడుగుదురుగాక: ఆ గీతను శాసనమున నెప్పుడు గీయింతురు?